వీడియో గేమ్స్ వల్ల లాభాలు: ఏ గేమ్, ఎవరికి, దేనికి?

గేమ్స్ ఆడే సర్జన్లు 37 శాతం తక్కువ తప్పులు చేస్తారన్న మాట ఎక్కడో ఒకచోట మీ కంట పడే ఉంటుంది. వీడియో గేమ్స్ వల్ల లాభాలంటూ ఎవరు రాసినా ముందు దీన్నే పెడతారు. అంకెలో తప్పేం లేదు. 2007లో అమెరికాలో 33 మంది సర్జన్ల మీద చేసిన అధ్యయనం అది. గతంలో వారానికి మూడు గంటలకు మించి గేమ్స్ ఆడినవాళ్లు, అసలు ఆడనివాళ్ల కంటే 37 శాతం తక్కువ తప్పులతో, 27 శాతం వేగంగా పని ముగించారు. అయితే నలుగురి నోళ్లలో పడి తిరిగేసరికి ఇందులోంచి కొన్ని సంగతులు జారిపోయాయి. అక్కడ చేసినవి రోగుల మీద ఆపరేషన్లు కావు, ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి చేసే ఆపరేషన్) నేర్పడానికి వాడే శిక్షణ పెట్టెలో కసరత్తులు. పైగా 33 మంది అంటే చాలా చిన్న గుంపు. వీటికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది: గేమ్స్ ఆడి ఆడి వాళ్ల చేతులు సాధన పట్టాయా, లేకపోతే చేయీ కన్నూ ముందునుంచే బాగా కుదిరినవాళ్లే గేమ్స్ వైపు మొగ్గారా? ఆ అధ్యయనం చూసి ఇది తేల్చలేం.

నేను గేమ్స్ ఆడతాను, ఇష్టంగా ఆడతాను. అందుకే ఈ విషయంలో ఎవరైనా గాలి కబుర్లు చెబితే ఊరుకోబుద్ధి కాదు, అవి గేమ్స్‌ని తిట్టే కబుర్లైనా పొగిడే కబుర్లైనా సరే. లాభాలు నిజంగానే ఉన్నాయి, కొన్ని చాలా బలంగా ఉన్నాయి. కాకపోతే అన్ని గేమ్స్‌నీ ఒకే గాటన కట్టి "మెదడుకు మంచిది" అనేస్తే ఏదీ అర్థం కాదు. పైనుంచి పడే ముక్కల్ని పేర్చే టెట్రిస్, తుపాకీ పట్టుకుని పరుగెత్తే షూటర్, ఒక దీవి మీద ఇల్లు కట్టుకుని మొక్కలు పెంచుకునే నెమ్మది గేమ్, ఇవి మూడూ మనసుతో చేయించే పనులు పూర్తిగా వేరు. ఏ గేమ్, ఎవరు ఆడారు, ఎంతసేపు ఆడారు, తర్వాత దేన్ని కొలిచారు, దేనితో పోల్చారు, ఇన్నీ చూస్తే తప్ప లాభం సంగతి తేలదు.

షూటర్ గేమ్స్‌తోనే మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ ఎక్కువగా తిట్టేది వాటినే, పరిశోధనలో ఎక్కువ ఆసక్తి పుట్టించిందీ అవే. 2003లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో షాన్ గ్రీన్, డాఫ్నీ బావెలియర్ ఒక ప్రయోగం ప్రచురించారు. యాక్షన్ గేమ్స్ (షూటర్ లాంటి వేగమైన గేమ్స్) ఆడేవాళ్ల చూపు, ధ్యాస ఆడనివాళ్ల కంటే మెరుగ్గా ఉన్నాయని ముందు గమనించారు. సర్జన్ల అధ్యయనమైతే ఇక్కడే ఆగిపోయేది, వీళ్లు ఇంకో అడుగు వేశారు. గేమ్స్ అలవాటు లేనివాళ్లను తీసుకొచ్చి, కొందరిచేత మెడల్ ఆఫ్ ఆనర్ అనే షూటర్‌ని, మిగతావాళ్లచేత టెట్రిస్‌ని రోజుకో గంట చొప్పున పది రోజులు ఆడించి, మళ్లీ పరీక్ష పెట్టారు. షూటర్ ఆడినవాళ్లే ఎక్కువ మెరుగయ్యారు.

ఆ పరీక్షల్లో ఒకటి కాస్త దగ్గరగా చూడండి. స్క్రీన్ మధ్య నుంచి ఎనిమిది దిక్కులకు గీతలుంటాయి. ఏదో ఒక గీత మీద, చూపుకి ఓ మూలగా, రెప్పపాటులో ఒక గుర్తు మెరిసి మాయమవుతుంది. ఆ వెంటనే స్క్రీన్ నిండా చిందరవందర గీతలొచ్చి దాని ఆనవాలు కూడా లేకుండా చేస్తాయి. గుర్తు ఏ గీత మీద మెరిసిందో చెప్పాలి, అంతే. చెప్పడానికి చిన్న పనే గానీ, రద్దీ రోడ్డు మీద బండి నడుపుతూ పక్కనుంచి దూసుకొచ్చే మనిషిని పట్టుకునేది ఇలాంటి చూపే. షూటర్ గేమ్‌లో అచ్చం ఇదే పని క్షణం తీరిక లేకుండా జరుగుతుంది: కన్ను మధ్యలో ఉన్న లక్ష్యం మీద ఉంటుంది, శత్రువు మాత్రం అంచునుంచి వస్తాడు. ఎక్కడ వస్తాడో తెలియదు, ఆలోచించుకునే టైమ్ ఉండదు, పనికిరాని కదలికల్ని పక్కకు నెట్టి పనికొచ్చేదాన్ని ఏరుకోవాలి. టెట్రిస్‌లో వేగం ఉంది కానీ ముక్క ఎప్పుడూ పైనుంచే, ఒక్కటే వస్తుంది. తేడా అక్కడే.

2009లో ఇదే బృందం ఇంకాస్త ముందుకెళ్లింది. 50 గంటలు యాక్షన్ గేమ్స్ ఆడినవాళ్లు, మనుషుల రోజువారీ జీవితాన్ని నెమ్మదిగా నడిపించే ది సిమ్స్ 2 ఆడినవాళ్ల కంటే లేత బూడిదరంగు ఛాయల మధ్య తేడాను బాగా పట్టగలిగారు. ఇది కాంట్రాస్ట్‌ని గుర్తించే శక్తి, మసక వెలుతురులో చూడ్డానికి అవసరమైంది. కళ్లద్దాలో ఆపరేషనో ఉంటే తప్ప మారదనుకునే విషయం గేమ్‌తో మారిందంటే మారింది కన్ను కాదు, కన్ను పంపిందాన్ని మెదడు చదివే పద్ధతి. 2011లో లేజీ ఐ (చిన్నప్పటినుంచి ఒక కంటి చూపు మందగించి ఉండటం) ఉన్న పెద్దవాళ్లతో చేసిన చిన్న ప్రయోగం కూడా దీనికి తోడైంది. బాగున్న కంటిని మూసి, బలహీనమైన కంటితో దాదాపు 40 గంటలు గేమ్స్ ఆడిస్తే ఆ కంటిచూపు కొంత మెరుగైంది. చిన్నతనం దాటాక దీనికి చికిత్స పనిచేయదని చాలాకాలం నమ్మారు, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అలాగని ఇంట్లో ఎవరికి వారు కంటికి గంతలు కట్టుకుని మొదలుపెట్టొద్దు, అది కంటి డాక్టర్ చూసి చెప్పాల్సిన పని.

ఇంతవరకు అంతా బాగుంది కదా, మరి గొడవెక్కడ? గొడవ 2018లో స్పష్టంగా బయటపడింది. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కుప్పపోసి లెక్కకట్టిన రెండు పెద్ద విశ్లేషణలు అదే ఏడాది, అదే పత్రికలో వచ్చాయి. ఒకటేమో యాక్షన్ గేమ్స్ శిక్షణతో ధ్యాస, స్థలజ్ఞానం (ఏది ఎక్కడుందో పోల్చుకునే శక్తి) ఓ మోస్తరుగా పెరుగుతాయంది. రెండోదేమో గేమ్స్ శిక్షణ వల్ల తెలివితేటల్లో చెప్పుకోదగ్గ లాభం లేదంది. ఒకే రాశి, రెండు తీర్పులు. ఇలా ఎందుకైందంటే, ఏ అధ్యయనాల్ని లెక్కలోకి తీసుకోవాలి, ఏ గేమ్స్‌ని ఒక జట్టుగా చూడాలి, ఏ సామర్థ్యాల్ని కలిపి కొలవాలి అన్న దగ్గరే వాళ్ల దారులు వేరయ్యాయి. యాక్షన్ గేమ్స్‌ని విడిగా చూస్తే లాభం కనిపిస్తుంది, అన్నిటినీ కలిపేస్తే పలచబడిపోతుంది.

దీనికితోడు నమ్మకం అనే చిక్కొకటి. మందు పరీక్షలో అయితే అసలు మాత్ర ఎవరికి, ఉత్తి మాత్ర ఎవరికి ఇచ్చారో రోగికి తెలియనివ్వరు. గేమ్ విషయంలో అలా దాచడం కుదరదు, నువ్వు షూటర్ ఆడుతున్నావో టెట్రిస్ ఆడుతున్నావో నీకు తెలుసు. వాల్టర్ బూట్, డేనియల్ సైమన్స్ బృందం 2013లో దీన్నే పట్టుకుంది. ఆ గేమ్స్ వీడియోలు చూపించి, ఇది ఆడితే ఏ పరీక్షలో మెరుగవుతారనుకుంటున్నారు అని జనాన్ని అడిగితే, ప్రయోగాల్లో నిజంగా ఏ పరీక్షలో లాభం వచ్చిందో దాదాపు అవే చెప్పారు. అంటే వచ్చిన లాభంలో కొంత, మెరుగవుతామన్న నమ్మకంతో గట్టిగా ప్రయత్నించడం వల్ల వచ్చి ఉండొచ్చు. నా మట్టుకు నాకు ఈ అభ్యంతరం బలమైందే అనిపిస్తుంది, కానీ కాంట్రాస్ట్ లాంటి చూపు తాలూకు ఫలితాన్ని మొత్తంగా కొట్టిపారేసేంత బలముందని మాత్రం అనుకోను.

అందుకని సులువుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇది: నేర్చుకున్నది దగ్గరి పనులకు బాగా అంటుతుంది, దూరం పెరిగేకొద్దీ పలచబడుతుంది. షూటర్ ఆడితే చూపు, ధ్యాస మెరుగవుతాయి అనడానికి ఆధారం ఉంది. షూటర్ ఆడితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయి అంటే నమ్మకండి. వారానికి మూడు నాలుగుసార్లు పది పదిహేను నిమిషాలు మా యాప్‌లో పజిల్స్ చేస్తే బడిలో, ఆఫీసులో రాణిస్తారు, ముసలితనంలో మతిమరుపు రాదు అని ప్రచారం చేసుకున్నందుకే లూమోసిటీ అనే బ్రెయిన్ ట్రైనింగ్ సంస్థ 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కేసు ముగించుకోవడానికి 20 లక్షల డాలర్లు కట్టింది. "మెదడు కోసం" అని అట్ట మీద రాసుకున్న గేమ్ కంటే సరదా కోసం తీసిన గేమ్‌కే ఒక్కోసారి మెరుగైన ఆధారం ఉండటం విచిత్రంగా అనిపించినా, నిజం.

సూపర్ మారియో 64 ఇందుకు మంచి ఉదాహరణ. బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో పెద్దవాళ్లచేత రెండు నెలలపాటు రోజూ అరగంట ఈ గేమ్ ఆడించి, ముందూ తర్వాతా మెదడు స్కాన్‌లు తీశారు. 2014లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం దారులు గుర్తుపెట్టుకోవడంలో ముఖ్యమైన హిప్పోక్యాంపస్‌తో సహా మెదడులో కొన్ని చోట్ల గ్రే మ్యాటర్ (మెదడు కణాలు దట్టంగా ఉండే పదార్థం) పెరిగింది. ఎందుకు పెరిగి ఉంటుందో గేమ్ ఆడినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. కోట లోపల ఏ తలుపు వెనక ఏ లోకం ఉందో, ఏ కొండ చుట్టూ తిరిగితే పైకి దారి దొరుకుతుందో తలలో మ్యాప్ వేసుకోకుండా ఆ గేమ్ ముందుకు సాగదు. కానీ ఇక్కడా ఒక మెలిక ఉంది. మాంట్రియల్ పరిశోధకులు తర్వాత 90 గంటలు షూటర్లు ఆడించి చూస్తే, చుట్టూ ఉన్న గుర్తుల్ని బట్టి దారి పోల్చుకునేవాళ్లలో హిప్పోక్యాంపస్ పెరిగింది, "ఇక్కడ కుడి, తర్వాత ఎడమ" అని అలవాటు మీద పోయేవాళ్లలో తగ్గింది. ఒకే గేమ్, ఆడే తీరుని బట్టి రెండు వైపులకూ లాగింది! అదే మారియో లాంటి 3డి గేమ్స్ ఆడినవాళ్లలో ఈ నష్టం కనబడలేదు. స్క్రీన్ మీద బాణం గుర్తు చూపించిన వైపల్లా పోవడం మానేసి, దారి మీరే గుర్తుపెట్టుకుని ఆడి చూడండి, గేమ్ కూడా ఎక్కువ మజాగా ఉంటుంది.

ఇక నా దృష్టిలో గేమ్స్ వల్ల కలిగిన అసలు పెద్ద మేలు తెలివితేటల్లో లేదు, వైద్యంలో ఉంది. జనం దీని గురించి తక్కువ మాట్లాడుకోవడం నాకు బాధగా అనిపిస్తుంది.

కాలిన గాయాలకు కట్టు మార్చేటప్పుడు నొప్పి ఎంత ఘోరంగా ఉంటుందంటే, మార్ఫిన్ లాంటి మందులిచ్చినా పూర్తిగా ఆగదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ దీనికోసం స్నో వరల్డ్ అనే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) గేమ్ తయారుచేయించారు. హెడ్‌సెట్ పెట్టుకున్న రోగికి చుట్టూ మంచులోయ, మంచు రాలుతూ ఉంటుంది, ఆ లోయలో తేలుతూ పోతూ పెంగ్విన్ల మీదికీ మంచుబొమ్మల మీదికీ మంచుముద్దలు విసరాలి. నర్సు కట్టు విప్పుతూ ఉంటుంది, రోగి మంచులో ఉంటాడు. నొప్పి బాగా తగ్గిందని రోగులు చెప్పారు. విడిగా ఆరోగ్యవంతుల మీద స్కాన్ చేసి చూస్తే నొప్పికి సంబంధించిన మెదడు భాగాల్లో అలజడి తగ్గినట్టు కూడా కనిపించింది. నొప్పి తెలియాలంటే దానికి మన ధ్యాస కావాలి, గేమ్ ఆ ధ్యాసను లాగేసుకుంటుంది. గేమ్ ఆడుతుంటే పిలిచినా పలకరు అని ఇంట్లో తిట్టే గుణమే ఇక్కడ మందైంది.

టెట్రిస్‌ది మరో దారి. 2017లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, రోడ్డు ప్రమాదం జరిగి ఆక్స్‌ఫర్డ్‌లో ఆసుపత్రికి వచ్చిన 71 మందిని తీసుకున్నారు. కొందరిని ఆరు గంటల లోపు ఆ ప్రమాదాన్ని ఒకసారి క్లుప్తంగా గుర్తుచేసుకోమని, తర్వాత ఓ ఇరవై నిమిషాలు టెట్రిస్ ఆడమన్నారు. తర్వాతి వారంలో ఆ దృశ్యాలు కళ్లముందు హఠాత్తుగా మెదలడం మిగతావాళ్లతో పోలిస్తే వీళ్లలో 62 శాతం తక్కువగా ఉంది. జ్ఞాపకం ఇంకా గట్టిపడని ఆ కొద్ది గంటల్లో, బొమ్మల్ని పట్టి ఉంచే మనసులోని చోటుని టెట్రిస్ ముక్కలు ఆక్రమిస్తాయి, దాంతో భయంకరమైన బొమ్మ అంత లోతుగా దిగదు. ఊరికే ఏదో వ్యాపకం పెట్టడం లాంటిది కాదిది, ఆకారాల్ని మనసులో తిప్పించే గేమ్ కాబట్టే పనిచేసిందన్నది వాళ్ల వాదన.

క్యాన్సర్ ఉన్న కుర్రకారు కోసం తీసిన రీ-మిషన్ కూడా చెప్పుకోవాలి. చికిత్స మధ్యలో మాత్రలు ఎగ్గొట్టడం ఆ వయసులో పెద్ద సమస్య. ఈ గేమ్‌లో రాక్సీ అనే చిన్న రోబో ఒంట్లోకి దూరి క్యాన్సర్ కణాల్ని కాల్చేస్తూ ఉంటుంది, మందు మానేస్తే ఏమవుతుందో గేమ్‌లోనే కళ్లకు కడుతుంది. 13 నుంచి 29 ఏళ్ల వయసున్న 375 మందితో చేసిన పరీక్ష 2008లో వచ్చింది. గేమ్ ఆడినవాళ్లు మందులు క్రమంగా వేసుకోవడం మెరుగైంది. వాళ్ల నోటిమాట మీద ఆధారపడకుండా రక్తపరీక్షలతో కూడా చూశారు, అందుకే నాకు దీని మీద గురి.

పెద్దవయసువాళ్ల కోసం వచ్చిన న్యూరోరేసర్ 2013లో పెద్ద వార్త. ఒక చేత్తో కారుని దారి తప్పకుండా నడుపుతూ, మధ్యమధ్యలో మెరిసే గుర్తుల్లో చెప్పిన గుర్తు వచ్చినప్పుడు మాత్రమే బటన్ నొక్కాలి. 60 నుంచి 85 ఏళ్లవాళ్లు నెలలో 12 గంటలు ఆడాక, ఆ గేమ్‌లో శిక్షణ లేని ఇరవై ఏళ్లవాళ్లను దాటేశారు, ఆ లాభం ఆరునెలల తర్వాత కూడా ఉంది. ఆ పరిశోధన పునాదిగా పుట్టిన ఎండెవర్‌ఆర్ఎక్స్‌ని ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే సమస్య) ఉన్న 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రాసివ్వొచ్చని 2020లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. డాక్టర్ చీటీ మీద ఇచ్చిన మొదటి వీడియో గేమ్ అది. 348 మంది పిల్లలతో చేసిన పరీక్షలో కంప్యూటర్ కొలిచిన ధ్యాస మెరుగైంది. అయితే తల్లిదండ్రులు ఇంట్లో గమనించిన లక్షణాల్లో మాత్రం, పోలిక కోసం వేరే గేమ్ ఆడిన పిల్లలకీ వీళ్లకీ తేడా తేలలేదు. ఇలాంటి గేమ్ గురించి ఎవరైనా చెబితే ఈ రెండు వాక్యాలూ కలిపే చెప్పాలి. పక్షవాతం వచ్చినవాళ్లకు చేతి కదలిక కోసం, చెయ్యి ఊపి ఆడే నింటెండో వీ ఆడించిన 2016 నాటి పరీక్ష కూడా అలాంటిదే: 141 మంది రోగులు, గేమ్ ఆడినవాళ్లూ బాగుపడ్డారు, పేకముక్కలు, చెక్కముక్కలు, బంతులతో ఆడినవాళ్లూ అంతే బాగుపడ్డారు. చెయ్యి కదలడం ముఖ్యం, స్క్రీన్ ఉందా లేదా అన్నది కాదు.

ఇప్పుడు మనసు సంగతి. గేమ్స్ ఆడితే సంతోషంగా ఉంటారా, డిప్రెషన్‌లోకి పోతారా? ఇక్కడ పాత అధ్యయనాల్లో చాలావాటికి రెండు లోపాలు. ఎంతసేపు ఆడారో ఆడినవాళ్లనే అడుగుతారు, మనుషులు ఆ లెక్క సరిగ్గా చెప్పలేరు. ఇంకోటి, దిగులుగా ఉన్నవాళ్లే ఎక్కువ ఆడుతున్నారేమో తెలియదు. ఈ రెండో చిక్కుని అనుకోకుండా విప్పింది జపాన్. కొవిడ్ రోజుల్లో అక్కడ నింటెండో స్విచ్, ప్లేస్టేషన్ 5 అనే గేమ్ కన్సోల్స్ దొరక్క, దుకాణాలు లాటరీ తీసి అమ్మాయి. పరిశోధకులకు అంతకంటే ఏం కావాలి? లాటరీ తగిలినవాడికీ తగలనివాడికీ తేడా అదృష్టమే, ఇద్దరికీ కొనాలనే ఉంది. 97,602 మంది సర్వే జవాబులతో చేసి 2024లో ప్రచురించిన ఆ అధ్యయనంలో, కన్సోల్ దక్కడం, గేమ్స్ ఆడటం మనసుకు మంచే చేశాయని తేలింది. రోజుకు మూడు గంటలు దాటాక మాత్రం అదనంగా వచ్చే మేలు తగ్గుతూ పోయింది. అందరూ ఇళ్లలో ఇరుక్కుపోయిన కాలం కాబట్టి మేలు కాస్త ఎక్కువ కనిపించి ఉండొచ్చు. అయినా గేమ్ కారణం, మనసు ఫలితం అని ఇంత ధైర్యంగా చెప్పగలిగిన పని ఈ రంగంలో అరుదు.

మొదటి లోపాన్ని ఆక్స్‌ఫర్డ్‌ వాళ్లు సరిదిద్దారు. కంపెనీల నుంచే ఆట సమయం రికార్డులు తీసుకుని, 2022లో ఏడు గేమ్స్ ఆడే దాదాపు 39 వేల మందిని చూశారు. ఆడిన గంటలకూ మనశ్శాంతికీ సంబంధం ఉందా అంటే, దాదాపు లేదు. ఒకరు మామూలు కంటే రోజుకు పది గంటలు ఎక్కువ ఆడితే తప్ప వాళ్లకు తేడా తెలిసిరాదు. మరి దేనికి సంబంధం ఉందంటే, ఎందుకు ఆడుతున్నారన్నదానికి. ఇష్టపడి ఆడేవాళ్లు బాగున్నారు, ఆడకపోతే ఉండలేక ఆడేవాళ్లు అంత బాగా లేరు. గంటలు లెక్కపెట్టి పిల్లలతో రోజూ గొడవపడే ఇళ్లలో ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌కి ఇచ్చిన నిర్వచనం కూడా గంటల మీద లేదు. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 అనే ఆ సంస్థ రోగాల జాబితా ప్రకారం చూడాల్సింది, ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే గేమే ముందు రావడం, నష్టం జరుగుతోందని తెలిసినా ఆపలేకపోవడం, ఇవి మామూలుగా ఏడాదిపాటు సాగడం. అలాంటివాళ్లు తక్కువమందే కానీ ఉన్నారు, వాళ్లకు గేమ్స్ లాభాల జాబితా చదివి వినిపించడం కంటే చికిత్స అందించడం అవసరం. నిద్ర పోగొట్టుకుని ఆడితే ఎంత మంచి గేమైనా నష్టమే, ఇందులో వాదించడానికేం లేదు.

లాభం కావాలనుకునేవాళ్లకు పనికొచ్చే సంగతి ఇంకొక్కటుంది. ఆక్సాన్ అనే చిన్న ఆన్‌లైన్ గేమ్ ఆడిన ఎనిమిది లక్షలకు పైగా మంది స్కోర్లను 2014లో ఇద్దరు పరిశోధకులు విశ్లేషించారు. ఒకే ఊపులో ఆడినవాళ్ల కంటే, మధ్యలో ఒక రోజైనా విరామం ఇచ్చి మళ్లీ ఆడినవాళ్ల స్కోర్లు, అన్నే ఆటలు ఆడినా, మెరుగ్గా ఉన్నాయి. పైన చెప్పిన ప్రయోగాల్లో కొన్నిట్లో కూడా రోజుకు అరగంటో గంటో చొప్పునే ఆడించారు తప్ప ఎవరినీ రాత్రంతా కూర్చోబెట్టలేదు. శనివారం రాత్రి ఏకబిగిన ఏడు గంటలు ఆడేకంటే అవే ఏడు గంటలు వారమంతా సర్దుకుంటే ఆటా బాగుపడుతుంది, నిద్రా మిగులుతుంది.